కంటికీ తలకూ నడుమ ఉన్న నరం గురించి

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, ధర్మవరం నేతగాడు శ్రీరంగప్ప భార్య నాగలక్ష్మమ్మ రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భర్త ఎడమ కంటి నరమునకు డిఫ్యూజన్ ఎమ్మారై తీయించుట, సదరు నరము ఏ విభాగము కిందికి వచ్చునో తేల్చుట గురించి.

1. నా భర్త పట్టుచీరలు నేయువాడు. ఉగాదికి ముందు మగ్గం మీద చీరకు పూలు, అంచులు దింపే జకార్డు పెట్టె ఊడి ఆయన ఎడమ కనుబొమ్మ మీద పడినది. కుట్లు మానినవి. ఆ కన్ను మాత్రం చూచుట మానివేసినది. పైకి చక్కగానే ఉన్నది, పెళ్లిచూపులనాడు ఎట్లుండెనో అట్లే ఉన్నది. మాకు వచ్చిన చిక్కు ఇదే.

2. కంటి విభాగమువారు "కన్ను బాగుంది, దెబ్బ తలకు కదా" అని తల విభాగమునకు పంపినారు. తల విభాగమువారు సీటీ స్కాను చూచి "తల బాగుంది, కనపడనిది కన్ను కదా" అని తిప్పి పంపినారు. రెండు స్టేషన్ల హద్దులో శవం దొరికితే పోలీసువారు కర్రతో అవతలికి నెట్టుదురని విన్నాము. బతికిన మనిషిని నెట్టుట ఇప్పుడే చూచినాము.

3. చివరకు కంటి విభాగములోని డాక్టర్ అశ్విని గారు టార్చి వేసి చూచినారు. వెలుగుకు కంటిపాప సరిగా ముడుచుకోవడం లేదని, కంటి నుండి మెదడుకు పోవు నరం దెబ్బతిన్నదని అనుమానమని చెప్పినారు. మామూలు స్కానులో నరం నిండుగానే కనిపించినది. డిఫ్యూజన్ పద్ధతిలో తీస్తే నరం పోగుల వెంట నీరు ఎట్లు కదులుతున్నదో కొలవవచ్చునట. పోగులు చెడి ఉంటే నీరు దారి తప్పి అన్ని వైపులా పోవునట. "దీంతో చూపు రాదమ్మా, నరం ఎంత చెడిందో అంచనాకు వస్తాది, అంతే" అని కూడా దాచకుండా చెప్పినారు. భూమిలో నీళ్ల జాడ కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకొని తిరిగేవాళ్లనే నమ్మి బోర్లు వేసిన జిల్లా మాది. డాక్టరమ్మను నమ్మలేమా?

4. ఆ స్కానుకు తమ సంతకం కావలెను. తమ కార్యాలయం ఇచ్చిన జవాబు: "రోగి తనకు ఎడమ కన్ను బాగా కనపడుచున్నదని స్వయముగా చెప్పియున్నాడు. కావున అవసరము లేదు."

5. అయ్యా, ఆయన అట్లు చెప్పినాడన్నది నిజమే. ఆ దినం ఆసుపత్రికి తోడు వచ్చినది ఆయనకు పట్టు ఇచ్చే సావుకారు. నేతగానికి చూపు తగ్గిందని తెలిస్తే ఆ పట్టు ఇంకో ఇంటికి పోవును. అందుకని మా వీధి మగవాళ్లు కంటి గురించి డాక్టరు అడిగినా దేవుడు అడిగినా ఒకటే చెప్పుదురు. డాక్టరు "కనపడుతోందా?" అన్నారు. ఈయన సావుకారు మొహం చూచి "బ్రమ్మాండంగా కనపడతాంది సార్" అన్నాడు. డాక్టరు రాసుకొన్నారు. నేను పక్కనుండి గిల్లినాను. గిల్లినది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

6. ఇంట్లోనూ ఇదే పాట. మొన్న రాప్తాడు దగ్గర ఎడమ వైపు నుండి వస్తున్న లారీని చూడక బండి తిప్పినాడు. వెనుక నేను కూర్చొని ఉన్నాను. "లారీ కనపళ్లేదా?" అంటే, "కనపడిందిలే, వాడే నిలబెడతాడని తిప్పినా" అన్నాడు. లారీవాడు మా రెండు వంశాలనూ పేరుపేరునా తలచుకొని పోయినాడు. ఇంటికి వచ్చి నేను ఏడ్చినాను. ఈ అబద్ధంతోనే ఈ మనిషి ఒకనాడు రోడ్డు మీద పోతాడని నా భయం.

కావున తాము నా భర్త నోటిని నమ్మక, ఆయన నరమునే నేరుగా విచారించుటకు ఉత్తర్వు ఇవ్వవలెను. ఆ నరం తలదో కంటిదో తేలువరకు దానిని తమ సొంతదిగా భావించి చిత్తగించవలెను. చిత్తగించనిచో వచ్చే సోమవారం తమ గుమ్మంలోనే కూర్చుందును.

తమ విధేయురాలు,
నాగలక్ష్మమ్మ

తా.క.: సార్, నేను శ్రీరంగప్పను. మా ఆమె ఇదంతా సదివి ఇనిపించింది. లారీ సంగతి కొట్టెయ్యమంటే ఇనలే. ఎప్పుడూ నా ఎడమ పక్కన నడిచే మనిషి, ఈ మధ్య ఏమీ అడక్కుండా కుడి పక్కకొచ్చి నడస్తాంది. ఆమెకు తెలుసు. నోటితో చెప్పేకి నాకు ధైర్యం చాల్లేదు, అందుకే ఈడ రాస్తాండా. నాకు ఎడమ కన్ను కనపడదు.