లిస్టులో పద్నాలుగు సున్నాలు

జంగారెడ్డిగూడెం

తాతా, బతికుండగానే నన్ను చంపేశావు. ఓటర్ల లిస్టులో నా పేరు పక్కన సున్నా పెట్టావు. చెల్లి భానుశ్రీ ఫోటో పంపింది. చిన్నప్పుడు ఆ లిస్టు నీకు చదివి పెట్టింది నేనే. టిక్కు అంటే మనవాళ్లు, ఇంటూ అంటే అవతలివాళ్లు, సున్నా అంటే ఇక రానివాళ్లు. పామాయిల్ మిల్లులో మోటార్లు బాగుచేస్తూ బతికే ఉన్నాను. ఫోనులో నీకు వినబడదని రాస్తున్నాను.

సందీప్

తా.క. ఇంటూ పెట్టినా ఊరుకునేవాణ్ణి.

రామచంద్రపురం

చిరంజీవి సందీప్‌ని తాత బుల్లబ్బాయి దీవించి రాస్తున్నది. నీ కోపం చూసి, ఒంట్లో బాగానే ఉన్నావని తెలిసి సంతోషించాను. సున్నా నిజమేరా. రెండు ఎన్నికలకి రాలేదు నువ్వు. నలభై ఏళ్లుగా బూత్ ఏజెంటుగా కూర్చుంటున్నాను. పోయినసారి మన బూత్‌లో పదకొండు ఓట్లు తగ్గాం. ఆ తర్వాత టిక్కులవాళ్లే తొమ్మిది మంది కాలం చేశారు. కుర్రకారంతా పనులకని తలో ఊరు పోయారు. నీలాంటి సున్నాలు పద్నాలుగు.

ఉంటాను,
తాత

తా.క. బూత్‌కి తీసుకెళ్లే ఆటోలో నీ చోటు సుబ్బాయమ్మకిచ్చాను. ఆవిడ అవతలి పార్టీయే గానీ, మోకాళ్లకి పార్టీ ఏముందిరా?

జంగారెడ్డిగూడెం

తాతా, అవతలి పార్టీ మోకాళ్లకి ఆటో, సొంత మనవడికి సున్నా! మీ పార్టీ మీటింగుల్లో మాలాంటివాళ్ల పని గంటల గురించి ఒక్క ముక్కయినా ఉంటుందా? వస్తున్నాను. సుబ్బాయమ్మ గారి పార్టీకే గుద్దుతాను.

సందీప్

తా.క. బస్టాండుకి ఆటో పంపొద్దు. నడిచే వస్తాను.

జంగారెడ్డిగూడెం

తాతా, నువ్వు చేసింది పచ్చి మోసం. బూత్ దగ్గర లైన్లో నా ముందు ఉదయభాస్కర్, హైదరాబాదు నుంచి వచ్చాడు, ఫోనులో వాడి సున్నా ఫోటో. నా వెనక నాగదుర్గ, ఆమెకీ అదే ఫోటో. పద్నాలుగు మందికీ భానుశ్రీ చేత నువ్వే పంపించావట! అందరం మండిపడుతూ వచ్చి అవతలికి గుద్దాం. ఈసారి మీరు ముప్పై నాలుగు ఓట్లు తగ్గారు. నువ్వేమో ఓట్ల రోజు సాయంత్రం మా వేళ్ల మీద సిరా చూసుకుని మురిసిపోతూ పూతరేకులు పంచావు. ఓడేవాడు పంచుతాడా ఎక్కడైనా?

నిన్న మళ్లీ ఫోటో వచ్చింది. నీ పార్టీకి వెయ్యకపోయినా మా పద్నాలుగు మందికీ టిక్కులు పెట్టావు. నీ పేరు పక్కన సున్నా పెట్టుకున్నావు.

ఈ ఎత్తు నాకు తెలుసు. తెలిసినా కళ్లమ్మట నీళ్లొస్తున్నాయి. ఆ సున్నా నీ చేత్తోనే చెరిపి, టిక్కు పెట్టి, ఫోటో పంపించు.

సందీప్

తా.క. పెన్సిలుతోనే పెట్టావు కదా? ఆదివారంలోగా జవాబు రాకపోతే, సోమవారం రబ్బరు పట్టుకుని మొదటి బస్సెక్కుతాను.