ఆర్డిస్ ముక్కు, డ్రయర్ గొట్టం

నవంబర్ 2, ఆదివారం, ఉదయం 8
చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. పొగ అలారాల్లో బ్యాటరీలు మార్చే రోజు కూడా. మార్చాను. బట్టలుతికే గదిలోని దానికి రెండు కొత్తవి వేశాను. రెండేళ్ళ క్రితం జ్వరమొచ్చి నా భార్య ఆర్డిస్‌కు వాసన తెలియకుండా పోయింది. టోస్ట్ మాడినా తెలియదు. ఆ అలారమే ఆమె ముక్కు.

ఈ ఏడు అంతటితో ఆగను. నిర్ణయం: బట్టలారబెట్టే డ్రయర్ వెనక గొట్టం శుభ్రం చేస్తాను. వేడిగాలి గోడలోంచి బయటికి పోవాలి. బట్టల నూగు అడ్డుపడి పోవడం లేదు. తువ్వాళ్ళు ఆరడానికి రెండు గంటలు! పొడుగు బ్రష్ కొన్నాను. అరవై ఎనిమిదేళ్ళకు ఇంత హుషారు ఎవరికుంటుంది?

"పోయినేడు కూడా కొన్నావు, వెర్లిన్," అంది ఆర్డిస్.

అది పొట్టి బ్రష్.

నవంబర్ 5, బుధవారం
డ్రయర్ ముందుకు జరపాలి. జరపలేదు. నడుము నొప్పి.

లోపలి జల్లెడ మీది నూగు మాత్రం తీశాను. పారేయలేదు. కోడిగుడ్ల అట్ట గుంటల్లో కుక్కి, పాత కొవ్వొత్తులు కరిగించి పోశాను. అడవిలో మా వేట క్యాబిన్లో పొయ్యి రాజేయడానికి. ఒక్క అగ్గిపుల్ల చాలు. ఈ చుట్టుపక్కల నా అంత బాగా చేసేవాడు లేడు.

నవంబర్ 11, మంగళవారం
పన్నెండు గుంటల్లో ఏడే నిండాయి. నూగు చాలడం లేదని ఆర్డిస్ దగ్గర వాపోయాను.

"ఆ గొట్టం నిండా ఉందిగా. వెళ్ళి తెచ్చుకో."

వెటకారం.

నవంబర్ 15, శనివారం
బయట గోడ మీది గొట్టం మూత చూశాను. సగమే తెరుచుకుంటోంది. గుప్పెడు నూగు లాగాను. అంటే పని మొదలైనట్టే. మిగతాది వేట అయ్యాక.

మా కుక్క పిప్ వెచ్చగా ఉంటుందని రోజూ డ్రయర్ పక్కనే పడుకునేది. ఇప్పుడు వంటింట్లోకి మారింది. ముసలిదైంది, చాదస్తం.

నవంబర్ 21, శుక్రవారం, సాయంత్రం 4
రేపు జింకల వేట మొదలు. మా విస్కాన్సిన్ రాష్ట్రంలో సగం జనం అడవిలోనే ఉంటారు. తలకు కట్టుకునే లైటులో బ్యాటరీలు అయిపోయాయి. కొట్టుకి వెళ్ళొస్తే అరగంట. బట్టల గది అలారంలోవి సరిగ్గా సరిపోయాయి. రెండ్రోజులేగా. ఆర్డిస్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

నవంబర్ 22, శనివారం, ఉదయం 11
క్యాబిన్. జింక జాడ లేదు. చలికి తట్టుకోలేక బావమరిది లోవెల్ పొయ్యిలో నా గుడ్ల అట్ట ముక్క ఒకటి పెట్టి వెలిగించాడు. భగ్గుమంది.

"ఇదేంటి బావా, పెట్రోలు నయం. దేంతో చేశావు?"

"డ్రయర్ నూగుతో."

చెప్పేటప్పుడు గర్వంగానే ఉంది. తర్వాత కూర్చోలేకపోయాను. గుంటెడు నూగే ఇలా మండితే, గొట్టం నిండా ఉన్నది? గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. ఆర్డిస్ ఇవాళే దుప్పట్లు, బల్ల గుడ్డలు ఉతుకుతుంది. అలారం బ్యాటరీలు నా నుదుటి మీద ఉన్నాయి. ఇక్కడ ఫోన్ కలవదు. బయల్దేరుతున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 1
యాభై మైళ్ళు. దేవుణ్ణి ఇంతగా ఎప్పుడూ బతిమాలలేదు.

ఇల్లు ఉంది. ఆర్డిస్ వంటింట్లో పిండి కలుపుతోంది.

"అప్పుడే వచ్చేశావేం?"

"డ్రయర్?"

"ఆపేశాను. పిప్ ఆ గది ముందు నిలబడి ఒకటే అరుపు. మిషన్ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది."

బట్టల గది నిండా మాడు వాసన. ఆమెకు తెలియదు. లైటు విప్పి బ్యాటరీలు తీసి ఆమె ముందు పెట్టాను.

"నా ముక్కు తీసుకుని జింకల కోసం వెళ్ళావన్నమాట," అంది.

నవంబర్ 23, ఆదివారం
గొట్టం ఊడదీశాను. నడుము ఒప్పుకుంది. బకెట్టున్నర నూగు, ఒక కొస నల్లగా కమిలిపోయి. ఆర్డిస్ దాన్ని నీళ్ళతో తడిపి తనే పారేసింది. అట్టలో ఐదు గుంటలు ఇంకా ఖాళీ, అయినా అడగలేదు.

బ్యాటరీలు వేసి అలారం బటన్ నొక్కాను.

"వినబడింది," అంది వంటింట్లోంచి.

మళ్ళీ నొక్కాను.

"వినబడిందన్నానుగా, వెర్లిన్."

ఇంకోసారి నొక్కాను.

నవంబర్ 27, గురువారం, థాంక్స్‌గివింగ్
తువ్వాళ్ళు నలభై నిమిషాల్లో ఆరాయి. పిప్ మళ్ళీ డ్రయర్ పక్కన పడుకుంది.

కొత్త నిర్ణయం: ప్రతి నెలా మొదటి ఆదివారం గొట్టం శుభ్రం. మొదటిది డిసెంబర్ 7. ఆ రోజు నాకు నడుము నొప్పి ఉండదట. ఆర్డిస్ ఇప్పుడే చెప్పింది.