ముసుగువాడు ఏం చేశాడు?

వడమాలపేట, 6–3–1944

అక్క చంద్రకాంతమ్మకు చెల్లెలు పంకజాక్షి నమస్కారాలు.

నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి, తప్పులూ ఉంటాయి. మూడో తరగతి చదువు, కోప్పడకు.

ఇక్కడికి డేరా సినిమా వచ్చింది. మాటలు అరవంలో ఉన్నా కత్తి అందరికీ అర్థమైంది. ముసుగువీరుడి భార్యను దొంగలు ఎత్తుకుపోయి ఏడాది గుహలో ఉంచుతారు. అతను దారిలోని కోటగోడలన్నీ దూకి ఆమెను చేరుకుని, ఎదుట నిలబడి కత్తి దూశాడు. అంతలో బొమ్మ ఆడించే ఇంజను ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

చీకట్లోనే వాదులాట. "ఏలుకుంటాడబ్బా, లేకుంటే ఇన్ని గోడలు యాల దూకినాడు?" అన్నాడు మా ఊరి కుప్పయ్య. "దూకింది పగ కోసరం, పెండ్లాం కోసరం కాదు" అన్నారు మా మామగారు.

మా ఆడబిడ్డ సుబ్బులమ్మ సంగతి నీకు తెలుసు కదా. కార్తీకంలో ఏరు పొంగి, అవతల తోటకాపలా ముసలాయన గుడిసెలో, మేకల మధ్య రెండు రాత్రులు ఉండిపోయింది. అప్పటి నుంచి మొగుడు రాజారత్నం ఏలుకోవడం లేదు. అతనూ డేరాలోనే ఉన్నాడు. లేచి, "ఆ మారాజు ఏం సేస్తే నేనూ అదే సేస్తా, అందరూ సాచ్చం!" అని అరిచాడు. పెద్దమనుషులు సరేనన్నారు.

సినిమా పెట్టె మీ ఊరికే వచ్చిందట. చివర ఏమైందో చూసి రాయి.

చెల్లెలు, పంకజాక్షి

ఇంకొక మాట: సుబ్బులును ఎవరూ ఏమీ అడగలేదు. మేకలను కూడా అడగలేదు.


చిత్తూరు, 9–3–1944

చి. సౌ. పంకజాక్షికి అక్క ఆశీస్సులు.

మీ బావను బతిమాలి చూసి వచ్చాను. ముసుగువాడు కత్తిని ఆమె ముందు నేల మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మిగతాది ఆమే చేసుకుంది. అప్పుడు ఇటు తిరిగి ఏడ్చి, ఒక పాట పాడాడు.

మా పక్కింటి పోలేరమ్మ లేచి తెర మీదికే అరిచింది: "ఏమిరా! ఏడాదిపొడుగునా నువ్వు యాడ పండుకున్నావో ఎవురన్నా అడిగినారా?" మగవాళ్ల వైపు నుంచి ఒకడు, "మగోడికి మానం కావల్ల గదమ్మా" అన్నాడు. "మానం ఉండేవోడికి ముసుగెందుకప్పా?" అంది.

అక్క, చంద్రకాంతమ్మ

మరిచాను: మీ మరిది పటాలంలో చేరాక ఆ ఇంట్లో ఉత్తరం చదవగలిగేది నువ్వొక్కతివే. గుర్తుంచుకో.


వడమాలపేట, 13–3–1944

అక్కకు నమస్కారాలు.

గుర్తుంచుకున్నాను. మామగారి ఎదుట ఎన్నడూ నోరు తెరవని దాన్ని, పదిమంది మధ్య నీ ఉత్తరం పైకి చదివాను. ముసుగు తీసేశాడనీ, కత్తి పారేశాడనీ, ఆమెను గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకున్నాడనీ చదివాను. మాటలు కూర్చుకోవడానికి మధ్యమధ్య ఆగాను. ఆడపిల్ల సిగ్గు అనుకున్నారు.

రాజారత్నం మీసం సవరించుకుని, "ఆయనే అట్ల సేసినంక నాదేముండాది?" అన్నాడు. గుర్రం లేదు కనుక సుబ్బులును ఎద్దుబండిలో ముందు కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. అత్తగారు కళ్లు తుడుచుకున్నారు.

చెల్లెలు, పంకజాక్షి

అసలు సంగతి: అతనికి ఆ ముగింపు ఎంతో నచ్చిందట. ఆదివారం చిత్తూరు వచ్చి కళ్లారా చూస్తాడట. అక్కా, ఎట్లాగైనా ఆపు.


చిత్తూరు, 19–3–1944

పంకజాక్షికి,

ఆపలేకపోయాను. మీ బావ కాఫీకి పిలిచినా ఆగలేదు. ఆట వదిలాక మా ఇంటి ముందు నుంచే పోయాడు. నడక మారింది.

అక్క


వడమాలపేట, 21–3–1944

అక్కకు,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషే సుబ్బులు.

నిన్న పొద్దున రాజారత్నం దాని ముందు కొడవలి పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. దానికి అసలు ముగింపు తెలియదు కదా, నేను చదివిందే తెలుసు. "పసరానికి గడ్డి కోసకరమ్మంటాండాడేమో అనుకున్నా వదినా" అంది. పోయి మోపెడు కోసుకుని వచ్చింది. అప్పటికీ అతను గోడవైపే ఉన్నాడట. అడుగుల చప్పుడు విని, తిరగకుండానే, "ఇంకా సావలేదా?" అన్నాడట.

అప్పుడు అర్థమైంది దానికి. ఆవుకు గడ్డి వేసి, నడుచుకుంటూ ఇక్కడికి వచ్చింది. నా అబద్ధమే దాన్ని ఆ ఇంటికి పంపింది అక్కా. అదే మాట దానితో చెప్పి ఏడిస్తే, "నువ్వు సదివింది బాగుండె వదినా" అంది.

మామగారు ఒక పూట ఉండనిచ్చారు. పూట అయిపోయింది. బొగ్గుతో నడిచే బస్సులో పంపుతున్నాను. బావను తన మామిడి మండీలో ఏదో ఒక పని చూపించమను.

చెల్లెలు, పంకజాక్షి

తెల్లవారి రాజారత్నం వచ్చాడు. పెండ్లాన్ని అడగలేదు, కొడవలి అడిగాడు. లేదన్నాను. అది దాని సంచిలో ఉంది, నువ్వూ అడగవద్దు. ముందు దానికి అన్నం పెట్టు. తర్వాత ఈ ఉత్తరం పొయ్యిలో వేయి.