ఎస్సెస్డీ గారి జ్వరం

మే 3

భద్రాచలంలో ఎండ. ఇది వార్త కాదు. వార్త ఏమిటంటే, నా స్వహస్తాలతో బిగించిన కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ దాచే చిప్పు, ఎస్సెస్డీ గారికి జ్వరం. ఎనభై డిగ్రీలు దాటింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికే ఈ బీటెక్ పట్టభద్రుడి సర్వస్వం ఆయన పొట్టలోనే ఉంటుంది. వేడెక్కగానే మందగిస్తారు. ఇంకాస్త వేడెక్కితే స్క్రీన్ మీంచి మాయం — మధ్యాహ్నం పూట సర్కారు ఆఫీసులో గుమాస్తాలాగా.

మే 4

కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టాను. ఉన్న వేడిగాలినంతా అది శ్రద్ధగా లోపలికి తోస్తోంది.

మే 6

వేంసూరు నుంచి ఫోను. మామయ్య లేడు. పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే... అమ్మ చేతిలో ఫోను అలాగే ఉంది. ఒక్కగానొక్క తమ్ముడు.

మే 18

పెద్దకర్మ అయ్యాక ఇల్లు చేరాం. శ్రావణి బస్సు దాకా వచ్చింది. మామయ్య కూతురు. మొన్న మార్చిలోనే పెళ్లి. వీడియో తీసింది నేనే, ఇంకా ఇవ్వనిదీ నేనే.

"బావా, వీడియో అంతా వద్దు నాకు. అప్పగింతల కాడ నాన్న ఏందో చెప్పిండు చూడు, ఆ ముక్క చాలు. ఏడుపుల, బ్యాండుల నాకేం వినపడలే."

"అదెంత పని" అన్నాను. కెమెరా కార్డులు తర్వాతి పెళ్లి కోసం ఎప్పుడో చెరిపేశాను. ఇక ఉన్నది ఒక్క చోటే. రోగి పొట్టలో.

మే 19

ఫైలు తెరిచాను. పాలగిన్నెలో శ్రావణి చేతులు. మామయ్య నోరు తెరిచాడు — ఎస్సెస్డీ గారు మాయం.

మళ్లీ. మళ్లీ అక్కడే.

మే 20

రఫీని పిలిచాను. కాలేజీలో నా బెంచీ, ఇప్పుడు వాళ్ల నాన్న గడియారాల దుకాణంలో సగం యజమాని. ఎస్సెస్డీ మీద నేను బిగించిన అల్యూమినియం పలక, అదే హీట్‌సింక్, విప్పాడు.

"ఏంది భాయ్ ఇది?"

"హీట్‌సింక్. వేడి గుంజుతది."

"అది నాకూ ఎరికే. దీని కింద నీలంగా మెరుస్తాంది, అదేంది?"

ప్లాస్టిక్ పొర. వేడిని ఎస్సెస్డీ నుంచి పలకకు దాటించే మెత్తటి ప్యాడ్ మీద అంటుకుని వస్తుంది. పీకేసి బిగించాలి. నేను మరిచిపోలేదు... చూసి, ముచ్చటపడి, ఉంచాను. మా వంశాచారం. మా ఫ్రిజ్ తలుపుకు కొన్ననాటి కవరు అలాగే ఉంది. టీవీ రిమోటు కవరులోనే పుట్టి కవరులోనే పెరిగింది. మామయ్య ట్రాక్టరు సీటు కవరు ఎండకు పెళపెళలాడినా ఎవరినీ చించనిచ్చేవాడు కాదు. అలా, జ్వరంతో మూలుగుతున్నవారికి ఎండాకాలమంతా రగ్గు కప్పి సేవ చేశాను.

రఫీ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ముందు ఆగింది నేనే.

మే 21

పొర పీకాం. వేడి కక్కే గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కున్న ఎస్సెస్డీని దూరంగా ఉన్న స్లాట్‌లోకి మార్చాం. వెనక ఫ్యాను తిప్పి బిగించాం — గాలి లోపలికి కొట్టేలా తిరగేసి పెట్టిందీ నేనే. జ్వరం యాభైకి దిగింది. ఫైళ్లన్నీ వచ్చేశాయి: భోజనాలు, పూలజడ, ఐస్‌క్రీం దగ్గర తోపులాట, ఎవరో తెలియని ముసలాయన కునికిపాట్లు. అన్నీ.

అప్పగింతలు రాలేదు. చల్లగా ఉన్నా, అక్కడికి రాగానే మాయం. కాలాల్సింది ముందే కాలింది కాబోలు.

మే 22

రఫీ: "హైదరాబాద్‌ల పోయిన ఫైళ్లు తీసేటోళ్లు ఉన్నరు. వస్తదని గ్యారంటీ లేదు. ఊకె ఆన్ చెయ్యకు రా నువ్వు. చేసినప్పుడల్లా ఇంకింత సస్తది."

అమ్మ గుమ్మంలో నిలబడి వింది. 'ఏం చేసినవ్‌రా నా తమ్ముణ్ని' అనలేదు. అంటే బాగుండు. వంటింట్లోకి పోయి ఫ్రిజ్ మీది కవరు మొత్తం చించేసింది. ఆ చప్పుడు...

మే 23

ఏం లేదు. ఎండ.

మే 25

శ్రావణి వచ్చింది, సత్తుపల్లి బస్సులో. చెప్పాను. జోకులు లేకుండా చెప్పడం నాకు అలవాటు లేదు, సరిగ్గా రాలేదు.

కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుంది. "ఒక్కసారి పెట్టి చూద్దామా బావా?" చెయ్యి బటన్ దాకా పోయింది. తనే వెనక్కి తీసుకుంది. "వద్దులే. ఉంటే ఉండనీ. హైదరాబాద్ పంపు."

లేచి గుమ్మం దాకా పోయి, తిరిగి —

"అయినా నువ్వు ఎదురుంగనే నిలబడ్డవ్ గదా. నీకు వినపడే ఉంటది. ఏమన్నడు నాన్న?"

ఎదురుగానే ఉన్నాను. చెయ్యి చాస్తే మామయ్య భుజం తగిలేంత దగ్గర. ముఖం మీద వెలుతురు చాలడం లేదు, ఫోకస్ జారుతోంది, ఎవరి తలో అడ్డం వస్తోంది... అప్పుడు నా ధ్యాసంతా వాటి మీదే. పెదవులు కదలడం గుర్తుంది.

"గుర్తు చేసుకొని చెప్తా" అన్నాను.

"అవ్, నిమ్మళంగ గుర్తు చేసుకో" అని పోయి వంటింట్లో అమ్మ పక్కన కూర్చుంది. అక్కడి నుంచి ఇటే చూస్తోంది. నేను రాస్తున్నవి ఆ మాటలే అనుకుంటోంది.