క్యాసెట్టులో ఉన్న నీ ఆట

తమ్మీ,

నువ్వు దేవుని దగ్గరకు పోయాక ప్రార్థనలో తలుచుకోవడమే గానీ, నీకు ఉత్తరం రాయలేదు. నిన్న నీ ఆట చూశాను. ఆ సంగతి నీకు చెప్పక ఉండలేకపోతున్నాను.

ఇంగ్లండులో మీరు ముగ్గురు స్నేహితులు చెప్పుల దుకాణం మీది గదిలో మొదలుపెట్టిన కంప్యూటర్ ఆటల కంపెనీని ఎవరో పెద్ద కంపెనీవాళ్లు కొన్నారట. మీ పేరున్న బోర్డు దించేశారని నీ స్నేహితుడు కబురు పంపాడు. ఇక మిగిలింది నువ్వు పంపిన మొదటి ఆట క్యాసెట్టే. మన టేపురికార్డరులో పెడితే అది కీచుమనేది, అంతే; ఆ చప్పుడు కంప్యూటర్‌కే ఆటగా అర్థమవుతుందట. నువ్వు వాడిన రకం కంప్యూటర్ ఇక్కడ ఖేడ్ ఊళ్లో బడికి వచ్చిందని విని, క్యాసెట్టు తీసుకెళ్లాను.

"టేపు మస్తు అరిగింది అక్కా, నడుస్తదో లేదో," అన్నాడు అక్కడ కంప్యూటర్ నేర్పే సారు.

మొదట ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. చాలాసేపటికి తెరమీద ఒక చిన్న మనిషి వచ్చి నిలబడ్డాడు.

"గీ బటన్ ఒత్తు అక్కా, ఉరుకుతడు."

"నాకేం వస్తది సారూ, వాణ్ణి యాడనో పడేస్త."

"పడితే పడనీ. ఇంక రెండు పాణాలున్నయ్ వానికి."

నేను ఒత్తలేదు. కాసేపు చూసి ఆ తెరమీది మనిషి విసుగ్గా కాలు తాటించాడు, అన్నం ఆలస్యమైతే నువ్వు తాటించినట్టే. బడి గంట కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను.

ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో. అమ్మ ఇప్పుడు నీతోనే ఉంది కదా, ఆమెకు చూపించకు. ఆ కీచు చప్పుడు వెనక నీ గొంతు ఉందని నమ్మి, తాను పోయేదాకా ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ క్యాసెట్టు వినేది.

అక్క