గీత వదలాలి

జనవరి 9, 1983, ఆదివారం

ఈ ఏడు పొంగల్ కార్డులు పోయినట్టే. కార్డుల అచ్చు కోసం నాయన వారం రోజులు వరండాలో కూర్చుని చెక్కిన లినోలియం ముక్కకు సాయంత్రం నేనే నల్ల ఇంకు పూశాను. కాగితం పరిచి, చెంచా వెనకవైపుతో రుద్ది, ఎత్తి చూశాను. కార్డంతా నలుపే. కుండ, చెరకు గడలు, సూర్యుడు, అన్నీ ఆ నలుపులో సన్నటి తెల్ల గీతలు. చెక్కని చోటే ఇంకు అంటుతుంది కాబట్టి పెన్సిల్ గీతను వదిలి చుట్టూ చెక్కెయ్యాలి. ఆయన గీతలనే చెక్కేశాడు. నా పదేళ్ళప్పుడు ఈ పని నేర్పింది ఆయనే.

"చెయ్యి జారుంటాది, పోనీ వుడు. ఈ తూరి అంగట్లో కొనుక్కుందాం" అంది అమ్మ. చెయ్యి జారితే ఒక గీత పోతుంది, అన్నీ పోవు. పోయిన నెల ముత్తియాల్‌పేటలో ఆయన ఇంటి దారి మరిచిపోతే, ఆకలికి కళ్ళు తిరిగుంటాయని సర్దేసింది కూడా అమ్మే.

నాయన కార్డును లైటు కిందికి తీసుకుపోయి చూశాడు.

"ఏంది పాపా ఇది? ఎన్ని తూర్లు చెప్పినా నీకు? గీత వదలల్ల, చుట్టూ తియ్యల్ల!"

చెక్కింది నేననుకుంటున్నాడు. "తప్పయింది నాయనా" అన్నాను.

దాంతో ఆయన కోపం పోయింది. కొత్త ముక్క తెప్పించి, దాని మీద నాచేతే కుండ గీయించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉలి తీసి, నిదానంగా, సరిగ్గా గీత మీదే పెట్టాడు.

"బాగా చూడు. మళ్ళా మరిచిపోబోకు" అన్నాడు.