చిల్లాలో వాచిన కాలు

ప్రొద్దుటూరు,
1959

ప్రేమగల అమ్మకు, మైమూన్ సలాములు.

బిడ్డ బాగానే ఉంది. నేనే బాగాలేను. రాయాలంటే సిగ్గు, రాయకపోతే భయం. కాన్పయ్యాక నలభై రోజుల చిల్లా దాటేదాకా కాలు కింద పెట్టరాదని అత్త నన్ను మంచం దిగనివ్వలేదు. ఇప్పుడు ఎడమకాలు తొడదాకా వాచి, తెల్లగా సొరకాయలా ఉంది. తాకితే ప్రాణం పోతోంది. ఎవరి కంటా పడకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. బిడ్డను చూడవచ్చిన నర్సు సుశీలమ్మ ఆ దుప్పటి తీసేసింది.

"కాన్పులో నెత్తురు శానా పోకుండా, కడుపుతో ఉన్నప్పుడే అది చిక్కబడతాది మైమూన్. అది మంచికే. కదలకుండా పండుకుంటే మాత్రం కొందరికి కాల్లో గడ్డ కడతాది. పిసికితే ఆ గడ్డ జారి ఊపిరికి అడ్డం పడతాది. జమ్మలమడుగు ఆసుపత్రికి పోవాల" అంది.

అక్కడున్నది మగ డాక్టరు. తొడదాకా చూడాలట! ఆ మాటకే సిగ్గుతో చచ్చిపోయాను. మీ అల్లుడు బాడుగ కారు మాట్లాడతానన్నాడు. నేనే రానన్నాను. పరాయి మగవాడి ముందు కాలు చాపానని నలుగురూ అనుకుంటే, ఇక ఎవరికి ముఖం చూపించను? నువ్వు వండే ఆముదం పంపు. అత్త చేత మెల్లగా రుద్దించుకుంటాను. ఆసుపత్రి వద్దని ఆయనకు ఒక్క మాట రాయించు. నీ మాట కాదనడు.

నీ కూతురు
మైమూన్


లింగాల

నా తల్లి మైమూన్‌కు, అమ్మ దువా.

నేను చెప్తాండా, బడి యోహాను అయ్యవారు రాస్తాండాడు. ఆముదం పంపను. ఎవురితోనూ రుద్దించుకోవద్దు. మీ అత్తకూ గట్టిగా చెప్పు.

నువ్వు పుట్టినాక నాకూ ఇట్లే వాచింది. మంత్రసాని పిసకబోతే నొప్పికి తాళలేక తోసేసినా. అందుకే బతికినానేమో. డాక్టరుకు చూపమంటే, చస్తాగానీ చూపనన్నా. ఆ కాలు మళ్లా బాగుపడలా. కీళ్లవాతమని నీతో అబద్ధం చెప్పి, మానని పుండుకు గుడ్డ చుట్టుకొని తిరుగుతాండా. కన్నకూతురికి గూడా చూపలా. సిగ్గు నన్ను ఇంతటితో వదిలింది, నిన్ను చంపుతాదేమోనని వణుకుతాండా బిడ్డా.

ఈ జాబు చేరంగానే మీ ఆయన కరీముల్లాతో బయల్దేరు. నా కోసం ఆగొద్దు. నేను పులివెందుల మీంద బస్సెక్కి నేరుగా ఆసుపత్రికే వస్తా. నీ పక్కనే కూచోని, ఆ డాక్టరుకు ముందు నా కాలే చూపిస్తా. ఇదంతా నోరు తెరిచి చెప్పేసరికి నాకు సగం సిగ్గు పోయింది. పాపం, అయ్యవారే తల దించుకొని రాస్తాండాడు.

మీ అమ్మ
గుల్జార్‌బీ